దుర్గవ్వ బర్రెకు టోకెన్ పద్ధతి

పశువైద్యం నేర్చుకోవాలంటే పశువు ఉండాలన్నది మన సమాజంలో తరతరాలుగా పాతుకుపోయిన మూఢనమ్మకం. దాన్ని కూకటివేళ్లతో పెకలించడంలో మా కాలేజీ చేసిన సేవ సామాన్యమైనది కాదు. ఆ మహాయజ్ఞంలో నేనూ ఒక సమిధగా పనికొచ్చాను కాబట్టి, దాని గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

2011 సంగతి. చదువులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. మా బ్యాచ్ ముప్పై మందినీ శంషాబాద్ విమానాశ్రయం గోడకు ఆనుకుని ఉన్న రాళ్లకుంట అనే ఊరికి కేటాయించారు. ప్రతి విద్యార్థీ ఊళ్లో ఇరవై పశువులను దత్తత తీసుకోవాలి, వాటి బాగోగులు చూడాలి, వచ్చిన జబ్బులు నయం చేయాలి, ఫొటోలతో సహా రికార్డు రాయాలి. (ఈ నిబంధన తయారుచేసిన పెద్దలు విమానాశ్రయం కట్టకముందు ఒకసారి ఆ ఊరు చూశారు. కట్టాక పైనుంచి మాత్రమే చూస్తున్నారు.)

ఇందులో చిక్కల్లా ఒక్కటే. ఊళ్లో పశువులు లేవు.

భూముల్లో సగం విమానాశ్రయానికి, మిగిలిన సగంలో కొంత ఔటర్ రింగ్ రోడ్డుకు పోయాయి. ఆ పైన మిగిలినదాంట్లో వెంచర్లు వెలిశాయి. గడ్డి మొలవాల్సిన చోట హద్దురాళ్లు మొలిచాయి. ప్రతి వెంచర్ ముందూ "ఎయిర్‌పోర్టుకు అయిదు నిమిషాలే" అని ఒక బోర్డు. (అదే బోర్డు కొత్తూరు దాటాక కూడా కనిపిస్తుంది. అక్కడ కూడా అయిదు నిమిషాలే.) ఎడ్లను కట్టేసిన కొట్టాల్లో ఇన్నోవాలు నిలబెట్టుకుని, కుర్రాళ్లంతా విమానం దిగినవాళ్లను ఎక్కించుకునే పనిలో పడ్డారు. మొదటిరోజు ముప్పై మందిమీ మెడలో స్టెతస్కోపులతో, చేతిలో మందుల పెట్టెలతో ఊరంతా గాలించి కనిపెట్టిన పశుసంపద ఏమిటంటే, ఒక బర్రె.

అది దుర్గవ్వది. ఆమె అరవై ఏళ్ల మనిషి. కొడుకు లక్ష్మణ్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. బర్రెను అమ్మేయమని కొడుకు రోజూ చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా ఆమె వినలేదు. "భూమి పాయె, బాయి పాయె. ఇగ నాదని చెప్పుకునేటందుకు ఇదొక్కతే ఉన్నది బిడ్డా" అంది మాతో. ఆ మాట అంటున్నప్పుడు బర్రె మెడ నిమురుతూనే ఉంది.

బర్రె పేరు అడిగితే మంజుల అంది.

"బర్రెకు మంజులేంటి అవ్వా?" అన్నాను.

"మా ఆడిబిడ్డ పేరు. ఆమెను తిడితె ఇంటి మీదికొస్తది. దీన్ని తిడితె పాలిస్తది."

ఈ పరిస్థితిని మా క్షేత్రానుభవ సమన్వయాధికారిణి డాక్టర్ జ్ఞానప్రసూనాంబ గారికి విన్నవించాను. ఆవిడ పశువుల మీద పాతికేళ్లుగా పరిశోధన చేస్తున్నారు. పేడ వాసన పడదు కాబట్టి రెండో అంతస్తులో ఉండి చేస్తున్నారు.

"పశువులు లేవని రాయకూడదమ్మా చిన్మయీ. అందుబాటులో ఉన్న పశుసంపదను గరిష్ఠంగా వినియోగించుకున్నాం అని రాయాలి" అన్నారు.

"ఒక్కటే ఉంది మేడమ్."

"ఉందిగా మరి!"

ఆ క్షణం నుంచి మంజుల గరిష్ఠ వినియోగం మొదలైంది. ముప్పై మందికి తలా ఇరవై చొప్పున ఆరువందల పశువులుగా ఆ ఒక్క బర్రె అవతారాలెత్తింది. ఎడమవైపు నుంచి ఫొటో తీస్తే ఒక పశువు, కుడివైపు నుంచి తీస్తే ఇంకొకటి. కడిగితే ఒకటి, బురదలో పొర్లి వస్తే మరొకటి. రంగు రాయాల్సిన గడిలో నలుపు, బాగా నలుపు, ఓ మోస్తరు నలుపు, చామనఛాయ అని రాశాం. తోక కనబడకుండా తీసిన ఫొటోల్ని దూడల కింద జమకట్టాం.

ఇక జబ్బుల విషయం. ఆరువందల పశువులకు ఏదో ఒక జబ్బు రావాలి, నయం కావాలి. మంజుల మాత్రం గుండ్రాయిలా ఉండేది. అందుకని శాస్త్రంలో ఉన్న రోగాలన్నీ దానికి రికార్డులోనే వచ్చాయి, రికార్డులోనే తగ్గాయి. (గొర్రెలకు తప్ప ఇంకే జంతువుకూ రానిదొకటి కూడా వచ్చింది. దాన్ని నయం చేసినవాడికి తొంభై మార్కులు పడ్డాయి.) దుర్గవ్వ మొదటిరోజే తెగేసి చెప్పింది: "చూసుడు వరకే. సూదేస్తె చెయ్యిరుగుతది." కాబట్టి కాల్షియం, విటమిన్లు, నులిపురుగుల మందు అన్నీ వాకిట్లో ఉన్న వేపచెట్టు మొదట్లో పోసేవాళ్లం. ఆ చెట్టుకు ఇవాళ్టికీ నులిపురుగులు లేవు.

ముప్పై మందీ ఒకేసారి మీద పడితే మంజుల తన్నడం మొదలుపెట్టింది. అప్పుడు మా క్లాస్ ప్రతినిధి వరప్రసాద్ టోకెన్ పద్ధతి తెచ్చాడు. వాళ్ల నాన్న రైల్వేలో రిజర్వేషన్ క్లర్కు. అందువల్ల మంజులకు కన్ఫర్మ్‌డ్, ఆర్ఏసీ, వెయిటింగ్ లిస్టు వచ్చాయి. ఆర్ఏసీ అంటే ఇద్దరికీ కలిపి ఒకే బర్రె: ఒకరు తల వైపు, ఒకరు తోక వైపు. సగం సమయం అయ్యాక మారాలి. తత్కాల్ కావాలంటే ఒక మోపు పచ్చగడ్డి తేవాలి, దాన్ని బర్రె తినాలి. తిన్నాకే టోకెన్ చెల్లుతుంది. టోకెన్ లేనివారు రోగిని ముట్టుకుంటే ఇంటర్న్‌షిప్ రద్దు. ఈ నియమావళిని మేడమ్ ఆమోదించి, ఇంత క్రమశిక్షణ మనుషుల దవాఖానాల్లో కూడా లేదని మెచ్చుకున్నారు.

మంజుల కూడా పద్ధతికి అలవాటు పడింది. రోజూ పూటపూటకూ జ్వరం చూడగా చూడగా, తెల్ల ఏప్రన్ కనబడితే చాలు, థర్మామీటర్ కోసం తనంతట తానే తోక ఎత్తి పక్కకు పెట్టేది. ఓసారి ఓట్లడగడానికి తెల్ల ఖద్దరు చొక్కాతో ఒక నాయకుడు వాకిట్లోకి వస్తే ఆయనకూ అదే మర్యాద చేసింది. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇలా వ్యవస్థ నల్లేరు మీద బండిలా సాగుతుండగా, ఒక ఆదివారం ఊరి పక్కనున్న ఫంక్షన్ హాల్లో పెద్ద పెళ్లి జరిగింది. మిగిలిన బగార అన్నం గోడ వెనకాల పారబోశారు. మంజుల పలుపు తెంపుకుని వెళ్లి కడుపారా తిన్నది. సోమవారం పొద్దున లక్ష్మణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, మంజుల లేస్తలేదు. పెండ్లి బువ్వ మస్తు తిన్నది."

"అత్తా, బర్రెనా?"

"అత్తైతె నీకెందుకు ఫోన్ జేస్తనక్కా!"

నేను వెళ్లేసరికి బ్యాచ్ సగం వాకిట్లో ఉంది. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. పాపం, వాళ్లను అనలేం. ఇంటర్న్‌షిప్ మొత్తంలో మాకు దొరికిన మొదటి నిజమైన జబ్బు అది. మంజుల పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి, పళ్లు కొరుకుతోంది. ఇన్ని ఏప్రన్లు ఎదురుగా ఉన్నా తోక కదలలేదు. అది చూశాక నాకు భయం వేసింది. దుర్గవ్వ బర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తిన్న అన్నమంతా దోసెల పిండిలా కడుపులో పులిసి, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతోంది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది. ఆలస్యమైతే పశువు చనిపోతుందన్నది ఆ జవాబులో చివరి వాక్యం.

"ఇవాళ టోకెన్ ఎవరిది?" అన్నాను.

వరప్రసాద్ ఫోన్‌లో చూసి, "దుర్గేష్‌ది" అన్నాడు. దుర్గేష్ శంషాబాద్‌లో మార్నింగ్ షో చూస్తున్నాడు. ఫోన్ ఆఫ్.

"ఆర్ఏసీ?"

"వాడి ఆర్ఏసీ కూడా వాడితోనే వెళ్లాడు. చార్టు తయారయ్యాక వెయిటింగ్ లిస్టు కదలదు."

"అయితే తత్కాల్ మీద నేను చూస్తాను" అని గోడవారన ఉన్న పచ్చగడ్డి తెచ్చి మంజుల ముందు పెట్టాను. మంజుల ముట్టలేదు. వరప్రసాద్ ఎంతో బాధగా తల అడ్డంగా ఊపాడు. "తింటేనే చెల్లుతుంది చిన్మయీ. రూల్ నేను రాసిందే, నేనే ఎలా తప్పుతాను?"

"తినకపోవడమే కదా జబ్బు!"

"అదే నేనూ అనేది. జబ్బు తగ్గాక తత్కాల్ తీసుకో." తర్వాత ఓదార్పుగా, "కంగారు పడకు. రికార్డు ప్రకారం ఇదే జబ్బు దీనికి ఇప్పటికి ఏడుసార్లు నయమైంది" అన్నాడు.

మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ ఎయిర్‌పోర్టు పక్కన ఒక పెద్ద హోటల్లో 'గ్రామీణ పశువు ముంగిట వైద్యుడు' అనే సదస్సులో ఉన్నారు. అక్కడి నుంచి రాళ్లకుంటకు నిజంగానే అయిదు నిమిషాలు. "అత్యవసర కేసులుంటే రెండు రోజుల ముందు చెప్పాలమ్మా" అని నెమ్మదిగా మందలించి, భోజనాలు మొదలవుతున్నాయని పెట్టేశారు.

దుర్గవ్వ తలెత్తి మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"ఇన్నొద్దులు బాగున్నదాన్ని పట్టుకోని పొద్దుమాపు చూస్తిరి. ఇయ్యాల పానం పోతుంటె ఏంది గిట్ల నిలబడ్డరు? సచ్చినంక చూస్తరా? ఓ చిన్మయమ్మా, జర నువ్వన్న చూడు బిడ్డా. సూదేసుకో, ఏమన్న చేస్కో. నేనేమన."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏప్రన్ విప్పి లక్ష్మణ్ చేతిలో పెట్టి, కిరాణా దుకాణంలో ఉన్న వంటసోడా అంతా తెమ్మన్నాను. గొట్టం వేసి సోడా నీళ్లు కడుపులోకి పంపాను. మెడ నరం దొరకబుచ్చుకుని సూది గుచ్చాను. రికార్డు ప్రకారం అప్పటికి నేను వందకు పైగా సెలైన్లు ఎక్కించినదాన్ని. నిజానికి అదే మొదటిది. చేతులు వణికాయి. రెండుసార్లు తప్పి, మూడోసారి రక్తం కనబడితే ఏడుపొచ్చినంత పనైంది. సీసా తగిలిద్దామంటే వేపచెట్టు గొట్టం అందనంత దూరంలో ఉంది, అందుకని గోడ పక్కన పాతిన వెంచర్ బోర్డుకే తగిలించాం. "ఎయిర్‌పోర్టుకు అయిదు నిమిషాలే" కింద సెలైన్ చుక్క చుక్కగా దిగుతూ ఉంది. మిగతావాళ్లు క్యూలోనే నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

మధ్యాహ్నం దాటాక మంజుల ఒకసారి గట్టిగా త్రేన్చింది. సాయంత్రానికి లేచి నిలబడింది. ఎలా ఉందో చూద్దామని వరప్రసాద్ ఏప్రన్ సవరించుకుంటూ వెనక నుంచి దగ్గరికి వెళ్లాడు. మంజుల అతన్ని చూసి తోక ఎత్తింది. ఆ తర్వాత, పెళ్లి భోజనం అంతా అతని బూట్ల మీద దించింది. దుర్గవ్వ ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే.

విచారణ సంఘం వారంలోగా కూర్చుంది. నా మీద మోపిన అభియోగాలు మూడు: టోకెన్ లేకుండా రోగిని ముట్టుకోవడం, బోధన నిమిత్తం ఉన్న పశువుకు నిజమైన ఇంజెక్షన్ ఇవ్వడం, పశువు కోలుకోవడం వల్ల దుర్గేష్‌కు నేర్చుకునే అవకాశం లేకుండా చేయడం. మూడూ రుజువయ్యాయి. మూడో నేరానికి సాక్షిగా మంజుల బతికే ఉంది.

ఆనాటి టోకెన్ దుర్గేష్‌ది కాబట్టి కేసు అతనికే జమ చేశారు. అతను దాని మీద సెమినార్ కూడా ఇచ్చాడు. సూది గుచ్చేటప్పుడు తన చేతులు వణికాయని అతను చెబుతుంటే మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం క్షేత్రానుభవం చాలలేదని తేలడంతో, మరో ఆరు నెలలు అదే ఊళ్లో ఇంటర్న్‌షిప్ చేయాలని ఆదేశించారు.

నేను మళ్లీ వెళ్లేసరికి గుంజ ఖాళీగా ఉంది. దుర్గవ్వ కుండలోంచి నీళ్లు ముంచి ఇస్తూ చెప్పింది. "మా తల్లిగారూరికి తోలిచ్చిన బిడ్డా. కొత్తూరు అవతల. ఆడ గడ్డున్నది, నీళ్లున్నయి, డాక్టర్లు లేరు. మంచిగున్నది."

పశువు లేదని మేడమ్‌కు చెప్పాను. ఆవిడ "నీకు మొదటి నుంచీ ఈ ఒక్క విషయంలోనే ఇబ్బంది వస్తోందమ్మా" అన్నారు.

ఆ ఆరు నెలలూ నేను రోజూ వెళ్లి ఖాళీ గుంజ పక్కన కూర్చున్నాను. ఇరవై పశువులను దత్తత తీసుకుని, ఇరవైటికీ జబ్బులు నయం చేశాను. ఈసారి వరస తప్పలేదు, ఎవరి టోకెన్ కాజేయలేదు, ఒక్క సూది కూడా వృథా చేయలేదు. నాలో వచ్చిన మార్పుకు సంతోషించి, ఆ ఏటి ఉత్తమ క్షేత్రానుభవ సర్టిఫికెట్ నాకే ఇచ్చారు. దాన్ని దుర్గవ్వకు చూపిద్దామని రాళ్లకుంట వెళ్లాను. ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా ఫొటోను, బంగారు రంగు ముద్రను తృప్తిగా చూసుకుంది. ఖాళీ గుంజ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"ఏ బర్రెను జూసి పాసైనవ్ బిడ్డా?"

ఈ ప్రశ్న మా సిలబస్‌లో లేదు.