మా వదిన తలనొప్పికి సున్నా మార్కులు

చేటలో బియ్యం సగం ఏరాను. మిగతా సగం ఏరేలోపు మరిచిపోతానేమోనని ఒక మాట చెప్పేస్తున్నాను. తలనొప్పి గొప్ప వరం!

నవ్వకండి. కాళ్ల నొప్పి అంటే నాలుగడుగులు నడిస్తే అదే పోతుందంటారు. జ్వరమంటే చెయ్యి పట్టి చూస్తారు, అక్కడే మన సంగతి తేలిపోతుంది. తలనొప్పిని ఎవరు పట్టి చూడగలరు? ఏ ఎక్స్‌రేలోనూ పడదు. మనిషి చెప్పిందే సాక్ష్యం. ఇంత మర్యాద తెలిసిన జబ్బు ఇంకొకటి ఉందా?

నాది మామూలు తలనొప్పి కాదు, మైగ్రేన్. ఆ మాట తెలియక ముందు మా ఊళ్లో దీన్ని సగం తలనొప్పి అనేవారు. సగమే కదా అని జాలి కూడా సగమే చూపించేవారు. ఇప్పుడు ఇంగ్లీషు పేరు వచ్చింది. పూర్తి జాలి దొరుకుతోంది.

ఆ పేరు పెట్టింది డాక్టర్ స్ఫూర్తి. పోయిన నెల ఒక పెద్దాసుపత్రి తరఫున రాయచూరు జిల్లాలోని మా ఊరి బడికి వచ్చింది. నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. మైగ్రేన్ రాకుండా ఆపే ఒక కొత్త మాత్ర మీద వాళ్లు పరిశోధన చేస్తున్నారు. తలనొప్పి గట్టిగా ఉన్న ఆడవాళ్లను ఎంచుకుని, ఆరు నెలలు మాత్రలు ఇచ్చి, నెల నెలా వచ్చి చూస్తారట. గట్టిగా ఉందో లేదో తేల్చడానికి ఐదు ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. కనీసం ఆరు మార్కులు రావాలి.

నేనూ, మా వదిన ఉలిగెమ్మా వెళ్లాం. ముందు నన్ను కూర్చోబెట్టారు.

గడిచిన మూడు నెలల్లో తలనొప్పి వల్ల ఎన్ని రోజులు ఇంటి పని మానేశారు? పద్నాలుగు. ఎన్ని రోజులు సగం పనే చేయగలిగారు? పదకొండు. (సగం పని చేయడానికి నాకు తలనొప్పే అక్కర్లేదు కానీ, అది కాగితంలో అడగలేదు.) పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎన్నిసార్లు వెళ్లలేకపోయారు? ఆరు. కూలి గురించిన రెండు ప్రశ్నలు నాకు వర్తించవు. అన్నీ కలిపితే ముప్పై ఒకటి! పదో తరగతి లెక్కల్లో నాకు ముప్పై ఐదు వచ్చాయి, అవీ మాస్టారి దయ. ఈ ముప్పై ఒకటి మాత్రం పూర్తిగా నా సొంతం అనుకున్నాను.

చీకటి గదిలో పడుకుంటారా అని కూడా అడిగింది. ఈ విషయంలో మా ఊరు ముందుంది. మిద్దె ఎక్కితే కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. దిగితే కరెంటు లేని చీకటి గది.

తరువాత వదిన కూర్చుంది. డాక్టరమ్మ కన్నడంలో అడిగింది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి తెలుగులోకి మార్చి చెప్పాను. వదినకు కన్నడం నాకంటే బాగా వచ్చు. పాపం, నేను చెప్పేదాకా ఆగి జవాబిచ్చింది.

ఎన్ని రోజులు కూలికి పోవడం మానేశావు?

"ఎందుకు మాన్త? పత్తి ఆగుతదా?"

ఎన్ని రోజులు రొట్టె చేయలేదు?

"చేయకుంటే ఏం తింటరు?"

సగం పని చేసిన రోజులు?

"సగం రొట్టె ఎట్ల చేస్తరు మేడమ్? ఒక పక్క కాల్చి ఇంకో పక్క పచ్చిగ పెడుదునా?"

పెళ్లిళ్లకు వెళ్లవా?

"పోత. ఆడ వడ్డించనీకి మనిషి కావాలె కద."

డాక్టరమ్మ ఇంకో కాగితం తీసింది. దాని మీద ఆరు ముఖాలు. మొదటిది నవ్వుతుంది, చివరిది కన్నీళ్లు కారుస్తుంది. తల నొచ్చినప్పుడు నీ ముఖం ఇందులో ఏది అని అడిగింది. వదిన చివరి ముఖాన్ని చాలాసేపు చూసింది.

"ఈమెకు ఇంట్ల పనేం లేదా?"

మార్కులు కూడారు. సున్నా. కాగితం వెనక అచ్చు వేసి ఉంది: ఐదులోపు వస్తే నొప్పి వల్ల చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

పరిశోధన ఎంత గొప్పదో చూశారా! వదినకు వారంలో రెండు మూడుసార్లు కణత పగిలిపోతుంది. పత్తి చేను గట్టుకు వెళ్లి కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వరసలో నిలబడుతుంది. పదేళ్లుగా ఇదే. అలాంటి మనిషికి ఏ ఇబ్బందీ లేదని ఐదే నిమిషాల్లో తేల్చేశారు. ఈ పద్ధతి అన్ని జబ్బులకూ పెట్టాలని నా మనవి. కాలు విరిగినా నడిచేవాడికి కాలు విరగనట్టే. దగ్గుతూ నీళ్లు మోసే ఆమెకు దగ్గు లేనట్టే. అలా చూస్తే మా జిల్లాలో ఆడవాళ్లకు జబ్బులే ఉండవు. ఆసుపత్రులు మూసి గోదాములకు ఇచ్చుకోవచ్చు!

డాక్టరమ్మ చెడ్డది కాదు. ఆమె కూడా కాగితాన్ని రెండుసార్లు తిరగేసింది. చివరికి ఇద్దరికీ చెరో నోటుబుక్కు ఇచ్చింది. "నెల రోజులు రాయండి. తలనొప్పితో పడుకున్న రోజులు ఆరుంటే ఈమెనూ తీసుకుంటాను. మాత్ర ఈమెకే కావాలని నాకు తెలుసు. కానీ రూల్ ఉంది కదా." ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పింది. మాత్రల్లో సగం నిజం మందు, సగం ఉత్తవి. ఎవరికి ఏది వచ్చిందో ఆమెకూ తెలియదు. ఈ పద్ధతి మాకు కొత్త కాదు. మా ఇంట్లో నొప్పి ఎవరికి ఉందో ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు.

ఇంటికి వస్తుంటే వదిన అడిగింది: "ఆ మాత్రతోని కక్కుడు ఆగుతదా?"

"ఆగొచ్చు. ఉత్తది వస్తే ఆగదు."

"ఉత్తదొచ్చినా ఏం కాదు పిల్లా. నెల నెల ఒకరొచ్చి ఎట్లుంది అని అడుగుతరు కద."

ఈ ఇంటికి వచ్చాక ఆమె తనకోసం ఏదైనా అడగడం నేను వినలేదు. అందుకే ఆరు రోజులు పడుకోబెట్టాలని గట్టిగా అనుకున్నాను. పడుకోవడంలో నాకున్న అనుభవం ఈ ఊళ్లో ఎవరికీ లేదు.

మొదటిసారి మంగళవారం. "నువ్వు పండుకో వదినా, రొట్టెలు నేను చేస్త" అన్నాను. పడుకుంది. నా మొదటి రొట్టె రాయచూరు జిల్లా పటంలా వచ్చింది, తాలూకాల హద్దులతో సహా. ప్లాంటులో బొగ్గు దగ్గర కాంట్రాక్టు పని చేసే మా అన్న మౌనేశ్ డ్యూటీకి పోతూ దాన్ని ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఈ కన్నమెందుకు చెల్లె?"

"గాలి ఆడనీకి."

ఇంతలో కూలి గుంపును పిలుచుకుపోయే కరియమ్మ గడపలోకి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి వదిన చాప మీద ఉండటం చూసి గొంతు తగ్గించింది. "ఉలిగెవ్వా, పుట్టినింట్ల ఎవరన్న పోయిండ్రా?" వెనక ఇంకో ఇద్దరు వచ్చి, ఏడవడానికి సిద్ధంగా కూర్చున్నారు. వదిన లేచి వాళ్లకు టీ పెట్టింది. అప్పటికి పడుకుని ఇరవై నిమిషాలు. నోటుబుక్కులో నిమిషాలకు గడి లేదు, రోజులకే ఉంది. సున్నా రాశాను.

రెండోసారి వదినకు నిజంగానే కన్ను తెరవలేనంత నొప్పి వచ్చింది. చీకటి గదిలోకి వెళ్లింది. అక్కడ అప్పటికే ఒకరు పడుకుని ఉన్నారు. నేనే. ఏం చేయను, నాకూ ఆ రోజే వచ్చింది! వదిన వెనక్కి వెళ్లి, శొంఠి అరగదీసి తెచ్చి నా నుదుటికి పట్టు వేసింది. వేసిన చేత్తోనే తన కణత నొక్కుకోవడం చూశాను. చూసి కళ్లు మూసుకున్నాను. నాకు వెలుతురు పడదు కదా.

నా నోటుబుక్కులో ఒకటి రాశాను. ఆమె దాంట్లో సున్నా.

అలా నెల గడిచింది. నాకు తొమ్మిది రోజులు. ఆమెకు ఒక్కటీ లేదు. నిన్న అన్న అన్నాడు: "నువ్వే ఆరు రాయరాదా చెల్లె, ఎవరికి తెలుస్తది?" పరిశోధనలో అబద్ధం రాయకూడదని అన్నకు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నిజం రాయడం నాకు సులువు. ఎలా రాసినా నా మాత్ర నాకు వస్తుంది.

ఆ నిజాయితీతోనే రాత్రి నా ముప్పై ఒక్క మార్కులను మళ్లీ చూసుకున్నాను. నేను ఇంటి పని మానేసిన పద్నాలుగు రోజుల్లో మా ఇంట్లో ఒక్క పూట కూడా పొయ్యి ఆగలేదు. సగం పని చేసిన పదకొండు రోజుల్లో మిగతా సగం మిగిలిపోలేదు. ఎవరు చేశారని కాగితం అడగలేదు. నేనూ అడగలేదు. పదో తరగతిలో కాపీ కొట్టడానికి భయపడ్డాను కానీ, ఈ పరీక్ష మొత్తం వదిన పేపరు చూసే రాశాను.

ఈ రోజు పదకొండింటికి డాక్టరమ్మ మాత్రలు తీసుకుని వస్తుంది. పొద్దున్నే వదిన ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఇందాక ఆమె ముందు నోటుబుక్కు తెరిచి పెట్టాను.

"ఈ ఒక్కరోజు పండుకో వదినా. ఒకటన్న రాస్త. ఒకటుంటే మేడమ్ కాళ్లన్న పట్టుకుంట. బియ్యం నేనే ఏరుత, వంట నేనే చేస్త."

వదిన నోటుబుక్కు వైపు చూసింది. తరువాత నా ఒళ్లో ఉన్న చేట వైపు చూసింది. సగం ఏరిన బియ్యం, దాని మీద ఈ వ్యాసం రాస్తున్న కాగితాలు.

బయట ఆటో హారన్ మోగింది. కరియమ్మ పిలుస్తోంది.

వదిన కాగితాలు తీసి జాగ్రత్తగా నా చేతికిచ్చింది. చేట తీసుకుని, నిలబడే మిగతా బియ్యం ఏరి, డబ్బాలో పోసింది. తలకు కట్టిన గుడ్డను విప్పి ఇంకా గట్టిగా బిగించుకుంది. టిఫిను డబ్బా పట్టుకుని గడప దాటి వెళ్లిపోయింది.