సింహానికి కొత్త వేషం

శనివారం మధ్యాహ్నం రెండుంబావుకు నేను పదకొండోసారి చచ్చిపోయాను.

కంగారుపడకండి, ఫోన్‌లోనే. ఫోన్ బయట కూడా నా పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. ఒక చెవి వాకిలి వైపు, ఇంకో చెవి వంటింటి వైపు పెట్టి, మంచం మీద ముసుగుతన్ని చావడం ఎలా ఉంటుందో మీకు తెలియాలంటే ముందు శుక్రవారం సంగతి చెప్పాలి.

నా పేరు మల్లయ్య. మాది మల్దకల్ పక్కన పల్లె. నాలుగెకరాల్లో సీడు పత్తి, అంటే విత్తనం కోసమే పెంచే పత్తి వేస్తాం. ఇంట్లో నా మాట వినేవి రెండు ఎద్దులుండేవి. ట్రాక్టరు వచ్చాక అవీ పోయాయి. అలాంటి సమయంలో నన్ను ఒక ఫోన్ ఆట చేరదీసింది. దాని పేరు కోటవేట. అయిదుగురు ఒక దండుగా చేరి, రాక్షసులను నరుక్కుంటూ కోటలు పట్టాలి. అందులో నేను నడిగడ్డ సింహాన్ని. ఆరడుగుల మనిషిని, చేతిలో నా అంత గొడ్డలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో నన్ను చూసి భయపడేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఫోన్‌లోనే ఉన్నారు.

మా దండు నాయకుడు అలంపూర్ జాన్. ఆటలో పేరు తుంగభద్ర పిడుగు. బయట మిక్సీలు బాగుచేస్తాడు. శుక్రవారం అతను ఫోన్ చేసి, కొత్త సీజన్ మొదలైందని, మా దండులో దెబ్బలకు మందు వేసే నాగర్‌కర్నూల్ మనిషి పెళ్లి కుదిరి ఆట మానేశాడని చెప్పాడు. మందు వేసే హీలర్ లేకపోతే ఏ దండూ కోట గుమ్మం దాటలేదు.

"గొడ్డళ్లు మనకు మస్తున్నయి అన్నా. నువ్వు హీలర్ క్లాస్ తీసుకో. ఆదివారం మూడు గంటలకు కోట. గప్పటికి ఇరవయ్యో లెవెల్ రావాలె. రాకుంటే కర్నూల్ నుంచి ఒకడు నేనొస్త అని ఎంటపడుతుండు. నీ జాగ ఆనికియ్యాలె. తప్పుగ అనుకోకు," అన్నాడు.

తప్పుగా అనుకోలేదు, వెంటనే సరేనన్నాను. 'అన్నా, నువ్వు ముందు నడువు' అని నాతో అనే మనుషులు ఈ ప్రపంచంలో ఆ దండులో మిగిలిన ముగ్గురే. ఆ చోటు పోతే సింహం పోయి మల్లయ్య మిగులుతాడు. మల్లయ్య సంగతి నాకు బాగా తెలుసు.

క్లాస్ అంటే వేషం అనుకోండి. కొత్త వేషం కడితే పాత బలం రవ్వంత కూడా వెంట రాదు, ఒకటో లెవెల్ నుంచి ఓనమాలు దిద్దాలి. మీట నొక్కాను. సింహం మాయమై తెల్లబట్టల్లో ఒక బక్కపిల్ల నిలబడింది. గొడ్డలి ఉండాల్సిన చేతిలో ఒక పుల్ల. దాంతో పళ్లు తోముకోవచ్చు గానీ, రాక్షసుణ్ని ఏం చేయాలో తోచలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇది క్రాసింగ్ కాలం. రోజూ మధ్యాహ్నం ఆడ కూలీలు, రేపు విచ్చబోయే మొగ్గలను వెతికి, బొటనవేలి గోరుతో లోపలి పుప్పొడి కాడలు గీరేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి ఆ మొగ్గలకు మగ పువ్వు తెచ్చి రుద్దుతారు. ఒక్క మొగ్గ కంటపడకపోయినా అది సొంతంగా కాయ పట్టి విత్తనాన్ని చెడగొడుతుంది. అలా తప్పిపోయినవాటిని వెనకనుంచి తుంచేసుకుంటూ రావడం నా పని. కిందటేడు ఫోన్ చూసుకుంటూ రెండు సాళ్లు వదిలేశాను. అప్పటినుంచి ఒంటిగంట కాగానే నా ఫోన్ నా భార్య స్వరూప కొంగుముడిలోకి పోతుంది.

కాబట్టి నాకు ఒక రోగం కావాలి. జ్వరమంటే నుదురు ముట్టుకుంటుంది. కడుపునొప్పి అంటే అన్నం పెట్టదు. క్రాసింగ్ కాలంలో మా వైపు ఎవరూ అనుమానించని రోగం ఒక్కటే ఉంది, బొటనవేలి నొప్పి. శనివారం పొద్దున వేలికి పాత గుడ్డ చుట్టుకొని, ముఖం ముడుచుకొని వాకిట్లో కూర్చున్నాను.

"ఏ ఏలు?" అంది స్వరూప.

"కుడి చెయ్యి బొటనేలు. పొద్దుగాల నుంచి ఒకటే గుంజుతున్నది."

"తుంచేటోనికే గింత గుంజితే, గీరేటోళ్లు ఏం కావాలె?"

"నాది జర మెత్తని చెయ్యి."

"అవు. పని తగలక మెత్తగైంది."

అయినా ఇంట్లో పడుకోమంది. నా గుండె ఒక లెవెల్ ఎక్కింది. ఒంటిగంటకు ఆమె చేను దారి పడుతుండగా, నొప్పి ఎక్కువైతే కబురు చేయడానికి ఫోన్ ఉంటే మంచిదేమోనని మూలిగాను. ఆమె కొంగుముడి విప్పి ఫోన్ నా ముందుకు పట్టింది. అందుకున్నాను. ఆమె నా చేతివైపు చూసి, వంటింట్లోకి పోయి వాళ్లమ్మతో ఏదో చెప్పి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ జములమ్మ, అంటే మా అత్త, క్రాసింగ్ రోజుల్లో కూలీలకు వంట చేయడానికి శ్రీరంగాపూర్ నుంచి వస్తుంది. ఆమెవి పాముచెవులు. నాకు ఆ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది.

హీలర్ అనేవాడు వెనక నిలబడి, దండులో ఎవరి ప్రాణం తగ్గుతోందో చూస్తూ మందు వెయ్యాలి. నాకేమో రెండేళ్ల గొడ్డలి అలవాటు. రాక్షసుడు కనబడగానే పుల్ల పట్టుకొని అందరికంటే ముందు ఉరికాను. చచ్చాను. మళ్లీ ఉరికాను. ఇంకోసారి ఉరకకూడదని గట్టిగా అనుకొని ఉరికాను. అలా పదకొండు. చచ్చిన ప్రతిసారీ నోట్లోంచి 'అబ్బా' అని వచ్చేది.

పదకొండో అబ్బాకు అత్త లోపలికొచ్చింది. ఫోన్ దిండు కింద దూరింది. అల్లుడి నొప్పి ఆమెకు చూడబుద్ధి కాలేదట. గిన్నెలో పసుపు, సున్నం నూరి వెచ్చచేసి తెచ్చింది. బొటనవేలికి మందంగా పట్టించి, పక్కవేళ్లు కదిలితే నరం గుంజుతుందని అన్నీ కలిపి గుడ్డతో బిగించింది. నా కుడిచెయ్యి పీటలమీద పెళ్లికొడుకులా పారాణి ఎరుపుతో, కదలకుండా కూర్చుంది.

ఎడమచేత్తో మొదలుపెట్టాను. నాలుగో లెవెల్ దాకా పోయాను. అక్కడ ఒక గబ్బిలం చంపింది. గబ్బిలం చేతిలో చావడం సింహానికి ఎంత అవమానమో ఆలోచించండి. 'అబ్బా' కాస్త పెద్దగా వచ్చింది. నొప్పి రెండో చేతికి పాకిందని అత్త దానికీ కట్టు కట్టింది.

ఇక వేళ్లు లేవు. ముక్కుతో ఆడాను. ముక్కుతో ఆడేవాడికి తెర కనబడదని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఏడో లెవెల్లో ఉన్నాను. ఇరవైకి పదమూడు తక్కువ, మూడు గంటలకు రెండున్నర గంటలు తక్కువ. పైగా కట్టు లోపల నిజంగానే మంట మొదలైంది. కొద్దికొద్దిగా కాదు, మిరపకాయ కోసి పెట్టినట్టు. విప్పుదామంటే నొప్పి అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. ఉంచుదామంటే నిజమవుతోంది.

స్వరూప భోజనానికి వచ్చింది. నాకు అత్త అన్నం కలిపి తినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నేను ఎత్తలేను కదా, స్వరూప ఎత్తి స్పీకర్ పెట్టింది.

"అన్నా, ఏడో లెవెల్లనే ఆగినవేంది? పుల్ల పట్టినోడు ముందట ఉరుకుతడా? ఎనక ఉండాలె గద. మూడు గంటలదాక చూస్త, గంతే," అని జాన్ పెట్టేశాడు.

నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. స్వరూప పెరుగన్నం చివరి మెతుకు దాకా తింది. చెయ్యి కడుక్కుంది. కొంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. పదిహేనేళ్ల కాపురంలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, అరుస్తున్నంతసేపూ ప్రమాదం లేదు.

"నిన్న ఫోన్ ఇయ్యంగనే నొప్పి ఏలుతోనే గుంజుకున్నవ్," అంది నింపాదిగా. "గప్పుడే తెలిసింది నాకు. అందుకే సున్నం జర ఎక్కువ కలుపమని అమ్మకు చెప్పి పోయిన."

అత్త వైపు చూశాను. ఆమె ఇంకో ముద్ద కలుపుతోంది.

దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అంతా చెప్పేశాను. జాన్, కర్నూల్ వాడు, ఇరవయ్యో లెవెల్. "గా ముగ్గురే స్వరూపా, నన్ను ముందట నడువుమంటరు. గదిగూడ పోతున్నది," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా రెండు చేతుల కట్లూ చూసి, ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"గీ పిల్ల ఏం జేయాలె?"

"అందరి ప్రాణం కనిపెట్టుకొని ఉండాలె. ఎవ్వరికి తగ్గితే వాళ్లకు మందు పొయ్యాలె."

"గంతేనా? నేను పొద్దుగాల లేస్తే చేసేది గదే గద."

నేను చెబుతుంటే ఆమె నొక్కడం మొదలుపెట్టింది. ఒక్కసారీ ముందుకు ఉరకలేదు. దూరంగా నిలబడి చూసింది. మొదట్లో ఎవరికి దెబ్బ తగిలితే వాళ్లకు మందు పోసింది. పది నిమిషాల తర్వాత ఒక వింత గమనించాను. దెబ్బ ఇంకా తగలకముందే మందు పోస్తోంది. పోసిన వెంటనే సరిగ్గా ఆ మనిషికే దెబ్బ తగులుతోంది. ఎలా తెలుస్తోందని అడిగాను.

పన్నెండేళ్లుగా చెట్టును ఒక్కసారి చూసి, ఇరవై మొగ్గల్లో రేపు విచ్చేది ఏదో చెబుతున్నానని, దాని ముందు ఇదెంతని అంది. అప్పటికి పద్నాలుగో లెవెల్ వచ్చింది. నాకు సంతోషంతోపాటు భయమూ వేసింది.

రెండయింది. ఆమె తల ఎత్తకుండానే, తను పోకపోతే ఒక సాలు మొగ్గలు మిగిలిపోతాయని, తన సాలు నేను చూడాలని అంది. వేళ్లు మండుతున్నాయన్నాను. కట్టు విప్పి నీళ్లలో ముంచుకొని పొమ్మంది.

చేలో కూలీల పెద్ద సత్యమ్మ నా ఎర్రబారిన బొటనవేళ్లు తిప్పి చూసి, గీరడానికి పనికిరావని తేల్చింది. నేను ఆ చేను యజమానిని. ఆమె మాత్రం నా చేతిలో ఒక సంచి పెట్టింది, అందులో ఎర్ర కాగితాలు.

"కొత్తోళ్లకు ముందు గీ పనే ఇస్తం. మేం గీరినదానికెల్ల కాయితం తొడుగుకుంట రా. ఒక్కటి తప్పొద్దు."

మూడు దాటింది. అక్కడ కోట మొదలై ఉంటుంది. ఇక్కడ నేను నడుం వంచి కాగితాలు తొడుగుతున్నాను. ఒక మొగ్గకు తొడిగితే జాన్ బతికాడనీ, తొడిగేలోపు కాగితం ఎగిరిపోతే పోయాడనీ అనుకున్నాను. గాలికి అయిదు ఎగిరాయి. దండంతా పోయినట్టే. సత్యమ్మ ఫోన్ అడిగి తీసుకొని ఇంటికి చేశాను. స్వరూప ఎత్తలేదు. మళ్లీ చేశాను. కట్ చేసింది.

ఎండ దిగే వేళకు గట్టు మీద ఆమె కనబడింది. నేను సాలు మధ్యలోంచే అడ్డంగా పరుగెత్తాను.

"గెలిచినం," అంది స్వరూప. "ఒక్కడు గూడ సావలేదు. జాన్ తమ్మి అయితే వదినా, గిసొంటి హీలర్‌ను ఏడ చూడలేదన్నడు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి నా జాగ?"

"జాగ యాడికి పోలె. పేరే మార్చిన. ఇప్పుడు నడిగడ్డ స్వరూపక్క అని పడుతది. బుధవారం, ఆదివారం రెండు నుంచి అయిదు దాక కోట ఉంటదంట. గా రెండు దినాలు నా సాలు నీదే."

నా గొడ్డలి సంగతి అడిగాను. నేను వదిలిన గొడ్డలి చోటుకు కర్నూల్ అతన్ని తీసుకున్నారట. మంచి పిల్లగాడట, తను వెనక నిలబడితే అతను ధైర్యంగా ముందు నడుస్తున్నాడట. ఇంతలో ఫోన్ మోగితే, చెవికి పెట్టుకొని, ఇంకో కోట సంగతి మాట్లాడుతూ గట్టు దిగి వెళ్లిపోయింది.

వెనక సత్యమ్మ నా సాలు వెంట నడుస్తూ, చెట్టు చెట్టునూ వంగి చూస్తూ వచ్చింది. పదిహేడు మొగ్గలకు కాగితం లేదని లెక్క చెప్పింది. ఏం శిక్ష వేస్తుందోనని నిలబడ్డాను.

"మొదటి దినం గద, ఏం కాదులే," అంది మెత్తగా. "మళ్ల మొదటి చెట్టు కాడి నుంచి రా."

సంచి సర్దుకొని మొదటి చెట్టు దగ్గరికి నడిచాను.