పాతరలో మందు

పోలీసు చర్య జరిగి రెండు నెలలయింది. కేతేపల్లిలో ఆ పొద్దున అమృతమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: వాకిట్లోని పాతరను శుభ్రం చేయించి కొత్త జొన్నలు పోయించడం. రజాకార్లు ఊళ్లో గింజ మిగలనివ్వని రెండేళ్లూ ఆ ధాన్యపు గొయ్యి మూతపడే ఉంది. నిచ్చెన వేసి భర్త భిక్షపతిని లోపలికి దించింది. చీపురు ఇంకా అందించనే లేదు, లోపలినుంచి కేక వచ్చింది.

"ఏమే, గీ జాడీ ఏంది?"

అమృతమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట అమ్రాబాదు అడవితేనెలో నీళ్లు కలిపి, నేరేడుపండ్లు పిసికి పోసి, తన అవ్వ నేర్పినట్టే పులవబెట్టింది. ఊరిమీదికి రజాకార్లు వస్తున్నారని తెలిసి, జాడీ మూతికి గుడ్డ కట్టి, మన్ను మెత్తి, పాతరలో దాచింది. ఆ తర్వాత ప్రాణాలు కాపాడుకునే తొందరలో దాని సంగతే మరచిపోయింది. అవ్వ దాన్ని బాలింతల మందు అనేది. బాలింతలకు చెంచాడు పోస్తే, మిగిలిందంతా తాతకు దక్కేది.

"మా అవ్వ మందది! పైకి తే, తాగి జూద్దాం."

"రెండేండ్లాయె. ఇసమై ఉంటది. పారబోస్త."

"తేనె పాడైతదా? ఎన్నడన్న జూసినవా?"

"తేనె పాడుగాదు. నువ్వు నీళ్లు గలిపినవ్ గదనే!"

అంటూనే భిక్షపతి వాసన చూద్దామని మూతిమీది మన్ను గీకాడు. రెండేళ్లుగా ఉగ్గబట్టుకున్న జాడీ ఠప్పుమంది. గుడ్డ ఎగిరి అతని ముక్కుకు తగిలింది.

"ఓ నాయినో! మందు పేలిందే!" అంటూ అతను నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి బయటపడ్డాడు.

గోడవతల బర్రెను కడుగుతున్న గురవయ్య చెవిన ఆ ఒక్క ముక్కే పడింది. బర్రెను అక్కడే వదిలి పరుగెత్తాడు. కల్లు దుకాణం దగ్గర అది "భిక్షపతి పాతరల తుపాకి మందు" అయింది. సడక్ మీదికి చేరేసరికి "ఏడు మందుపాతరలు" అయింది. కమ్యూనిస్టు దళాలు దాచిన ఆయుధాల కోసం ఊళ్లు గాలిస్తున్న మిలిటరీ లారీ సరిగ్గా అక్కడే ఆగి ఉంది.

కాసేపటికి ఒక జమేదారు, పదిమంది జవాన్లు ఇంటిని చుట్టుముట్టారు. జమేదారుది బెజవాడ వైపు.

"ఇంట్లో మందు దాచావా?" అని భిక్షపతిని గద్దించాడు.

భిక్షపతికి అబద్ధం చేతకాదు. పైగా తుపాకులు చూశాడు. "దాచినం దొరా. మర్శిపోయినం."

"ఎవరు తయారు చేశారు?"

"నా పెండ్లం."

జమేదారు అమృతమ్మను ఎగాదిగా చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా అవ్వ దగ్గర."

"ముసలమ్మ కూడానా! ఇంతవరకూ ఎవరిమీద వాడారు?"

"బాలింతలకిచ్చేటోళ్లం."

జమేదారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎంతమంది పోయారు?"

"పోవుడేంది దొరా? అందరు లేచి కూసున్నరు."

తనను ఆటపట్టిస్తున్నారనుకుని జమేదారు మండిపడ్డాడు. భిక్షపతి చేతులు వెనక్కి విరిచి కట్టించాడు. నల్లగొండ నుంచి బాంబుల పని తెలిసినవాళ్లు వచ్చేదాకా పాతర దగ్గరికి ఎవరూ పోకూడదన్నాడు. అలా లారీ ఎక్కినవాళ్లు ఎన్ని నెలలకు తిరిగొస్తున్నారో ఆ ఊరికి తెలుసు. చెబితే వినే మనిషిలా లేడు. ఆమె కొంగు నడుముకు బిగించి నిచ్చెన దిగింది.

"ఆగు!" అని అరిచి జమేదారు బోర్లా పడుకున్నాడు. జవాన్లూ పడుకున్నారు. ఊరంతా గోడల చాటుకు చేరింది. జాడీని చంకనెత్తుకుని పైకి వచ్చిన అమృతమ్మకు, నిలబడి కనిపించినవాడు చేతులు కట్టేసిన మొగుడొక్కడే.

"తాగకే! నామాటిను, తాగకే!" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆమెకూ భయం లేకపోలేదు. కళ్లు మూసుకుని, చెంబు నిండా వంచుకుని గటగటా తాగింది. ముందు పులుపు తగిలింది. వెనకనే తేనె వచ్చింది. ఆఖరున కడుపులో వెచ్చగా దీపం పెట్టినట్టయింది. మూతి తుడుచుకుని కళ్లు తెరిచింది.

"లేవుండ్రి దొరా! మందంటే గిది. రెండేండ్లకు ఇంకింత మంచిగైంది!"

జమేదారు దుమ్ము దులుపుకుని లేచాడు. వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. భిక్షపతి కట్లు విప్పమని సైగ చేసి, "ఇంకా పరిశీలించాలి" అంటూ చెంబు చాపాడు. గోడల చాటునుంచి ఆడవాళ్లంతా వచ్చి అమృతమ్మ చుట్టూ చేరారు. గురవయ్య కూడా ఒక గిన్నె పట్టుకుని వచ్చాడు.

"నీ బర్రె ఎదురుజూస్తాంది, పో!" అని అమృతమ్మ అతన్ని గడప దాటించింది.

చేతులు రుద్దుకుంటూ భిక్షపతి జవాన్లకు చెబుతున్నాడు: "నేను పొద్దుగాలనే అన్న, తేనె పాడుగాదని."

"కేతేపల్లిలో దాచిన మందు పట్టుబడింది. అక్కడికక్కడే నిర్వీర్యం చేయబడింది" అని జమేదారు పైవాళ్లకు కాగితం రాశాడు. ఆ పనికి పదకొండు మంది సిబ్బందికి మధ్యాహ్నం దాకా పట్టింది.