ఆగి ఆగి వచ్చే గొంతు

ఆ రోజు అద్దాలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడున్నరకి లేవాలి, ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఇంటర్నెట్‌ని పరుగెత్తించాలి, తొమ్మిదికి మళ్ళీ దుప్పటి ముసుగేసుకోవాలి. వారానికి ఒకటే సెలవు. కిటికీ బయట మంచు ఇంకా విడలేదు. ఎదురు మేడ అసలు ఉందా లేదా అన్నట్టుంది. అలాంటి పొద్దుటిపూట ఏ పనైనా కలలో చేసినంత తేలిగ్గా అయిపోతుందనిపిస్తుంది.

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం అతని పని. అందుకే ఆ మూడంతస్తుల మేడలో అందరికీ అతను అద్దాలాయన. మసకగా ఉన్నదాన్ని ఓపిగ్గా అరగదీస్తే ఎప్పటికైనా స్పష్టమవుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే నెట్ మీదికి బయల్దేరాడు.

భార్య కోసమే ఈ తాపత్రయమంతా. ఆమె పదకొండేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పింది. ఒకరోజు ఆ కుర్చీలో మనిషి బదులు రికార్డు పెట్టారు. తర్వాత ఏడాదిపాటు ఆమెకి ఇంట్లో ఉప్పు అందుకోమనడానికి కూడా గొంతు పెగల్లేదు. ఇదిగో, నెల కిందటే మళ్ళీ మాట వచ్చింది. రాత్రంతా పనిచేసి తెల్లారాక ఇల్లు చేరి, కర్టెన్లు దించుకుని పడుకున్నా నిద్రపట్టని వాళ్ళుంటారు కదా, వాళ్ళకి రోజూ పది నుంచి పదకొండు దాకా కథ చదివి వినిపించే ఉద్యోగం. రికార్డు కథలు ఆ కంపెనీ దగ్గర బోలెడున్నాయి. కానీ ఎక్కడో ఒక మనిషి మెలకువగా కూర్చుని తమకోసమే చదువుతోందంటే వచ్చే నిద్రే వేరట.

నెల రోజులు చూసి, నచ్చితే తీసుకుంటామన్నారు. ఆ నెల ఆ రోజుతో పూర్తవుతుంది. మేనేజరు స్వయంగా వింటాడు. చిక్కల్లా నెట్‌తోనే. నాలుగు వాక్యాలకోసారి తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలవుతుంది. ఆమె గొంతు దారిలో ఎక్కడో ములిగిపోయి, కాసేపటికి మళ్ళీ తేలుతుంది.

"బురదలో సైకిల్ తొక్కుతున్నట్టుందండీ," అంది ముందురోజు ఆమె. "రేపు ఆ మేనేజరు ఇది విన్నాడా, ఇంక నా పని అయిపోయినట్టే."

అద్దాలాయన మనసులోనే నడుం కట్టాడు.

నెట్ పెట్టె ఎత్తులో, ఇంటికి నట్టనడుమ ఉండాలని దుకాణంలో ఎవరో చెప్పారు. టేపు పెట్టి గోడ నుంచి గోడకి కొలిచాడు. నట్టనడుమ అనేది సరిగ్గా భోజనాల బల్ల దగ్గర, కాఫీ తాగుతున్న అత్తగారి నడినెత్తి మీద తేలింది. బల్ల మీద స్టూలు వేసి, స్టూలు మీద తనెక్కి, పైకప్పు కొక్కేనికి పురికొసతో పెట్టెను వేలాడగట్టాడు. పెట్టె మెల్లగా గిర్రున తిరుగుతూ పచ్చగా మిణుకుమంది.

"చుక్కల కింద కూర్చున్నట్టుంది బాబూ," అంది అత్తగారు తలెత్తి చూస్తూ.

చుక్కలైతే వచ్చాయి గానీ వేగం రాలేదు. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. అవతల ఒకమ్మాయి ఆవులింత మింగుతూ పలికింది.

"సార్, మీ లైను మీద పంతొమ్మిది ఫోన్లూ గట్రా ఉన్నాయి."

"మా ఇంట్లో ఉన్నదే ముగ్గురం కదమ్మా."

"అయితే మిగతావాళ్ళని అడగండి సార్. లేదంటే పాస్‌వర్డ్ మార్చేయండి."

మార్చేశాడు. చూస్తుండగానే నెట్ ఎగిరి దూకింది. అద్దాలాయనకి ఒక్క క్షణం లోకమంతా కొత్త కళ్ళద్దాల్లోంచి చూసినట్టనిపించింది.

ఆ క్షణం ఇంకా పూర్తికాకుండానే తలుపు చప్పుడైంది. మెళ్ళో టేపుతో కింది అంతస్తు టైలరు నిలబడున్నాడు.

"అన్నయ్యా, మన నెట్ పోయింది, చూశావా?"

"మన నెట్టా?"

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నేనే చెప్పాను బాబూ పాస్‌వర్డ్. గుమ్మంలోకొచ్చి దాహమేస్తోందంటే నీళ్ళు లేవంటామా? ఇదీ అంతే."

"ఎంతమందికి చెప్పారత్తయ్యా?"

"ఎంతమంది అడిగితే అంతమందికి."

అద్దాలాయన టైలరు భుజం మీద చెయ్యి వేసి, లోపలున్న భార్యకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకు తమ్ముడూ. పదకొండు దాకా ఓపిక పట్టు. ఇవాళ మీ వదినకి పరీక్ష. అటూ ఇటూ అయిందంటే తట్టుకోలేదు."

టైలరు మొహం పాలిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"

"నెల్లాళ్ళ నుంచి."

"దేనికి సంబంధించింది?"

"గొంతు. ఇంకేముంది, అంతా గొంతులోనే ఉంది కదా."

టైలరు కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఎంత సున్నితమైన మనిషి అనుకున్నాడు అద్దాలాయన.

పది గంటలకి ఆమె పడగ్గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఫోన్ కట్టేసింది. బయటి చప్పుడు రాకుండా తలుపు కింది సందులో తువ్వాలు కుక్కింది. లోపల్నించి ఆమె గొంతు సన్నగా వినిపించసాగింది. కొండ మీద మేఘాలకు ఇస్త్రీ చేసే ఒక ముసలావిడ కథ. ముడతలు పడ్డ మేఘాలు సాయంత్రానికి వరుసగా వచ్చి నిలబడతాయి. ముసలావిడ ఒక్కొక్కదాన్నీ పరిచి, నీళ్ళు చిలకరించి, వెచ్చగా సాపు చేసి ఆకాశంలోకి వదులుతుంది. కథ ఎక్కడా ఆగకుండా, చిక్కులేని దారంలా జారిపోతోంది. అద్దాలాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అంతలో మేడలోవాళ్ళు ఒక్కొక్కరే మునివేళ్ళ మీద రాసాగారు. టైలరూ భార్యా ఒక బుట్ట పళ్ళతో వచ్చారు. కింద ఉండే రిటైరైన పెద్ద టీచరు, తెల్లారినప్పటి నుంచి ఆన్‌లైన్లో ఆడుతున్న చదరంగం మధ్యలో తెగిపోయినా, పూలు పట్టుకుని వచ్చింది. ఇంకా నలుగురైదుగురు. అందరూ గోడ పక్కన తలలు వంచుకుని కూర్చున్నారు. పెద్ద టీచరు అద్దాలాయన చెయ్యి పట్టుకుని, "ఈ రోజుల్లో నయంకానిది లేదు నాయనా," అంది.

నెట్ గురించే అంటోందనుకుని, "అవును టీచర్‌గారూ, చాలావరకు నయం చేశాను," అన్నాడతను.

చివరగా, మూడో అంతస్తులోకి కొత్తగా దిగిన నర్సమ్మ వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నెట్ ఎప్పుడొస్తుందండీ, నాకు..." అంటూ మొదలుపెట్టి, తలుపు వెనక గొంతు చెవిన పడగానే ఆగిపోయి, ఒక కుర్చీలో కూలబడింది.

పదీ ఇరవైకి అద్దాలాయన ఫోన్ మోగింది. బాల్కనీలోకి పరుగెత్తాడు. మేనేజరు.

"సార్, మేడంగారి ఫోన్ కట్టేసుంది, అందుకే మీకు చేశాను. ఒంట్లో బాగానే ఉందా ఆవిడకి?"

"బ్రహ్మాండంగా ఉందండీ. విన్నారుగా, ఎలా దూసుకుపోతోందో!"

"అదే సార్ నా భయం. మూడొందల పన్నెండు మంది వింటున్నారు. ఈపాటికి సగం మంది నిద్రపోయుండాలి. నిద్రపోతే ఫోన్ కదలదు, మాకు తెలుస్తుంది. ఇవాళ ఒక్కరూ పడుకోలేదు. పైగా ఇద్దరు లేచి ఇల్లు సర్దుకుంటున్నామని మెసేజ్ పెట్టారు." ఆయన నిట్టూర్చాడు. "పదకొండు దాకా చూస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు సార్."

అద్దాలాయన కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. నర్సమ్మ తలుపు వైపే చూస్తోంది.

"ఈ గొంతు నాకు తెలుసండీ," అంది మెల్లగా. "నెల్లాళ్ళ నుంచి ఇది వినే పడుకుంటున్నా. మా మేడలోనే ఉందని తెలీదు. కానీ ఇవాళ ఆ మాట అనడం లేదేంటి?"

"ఏ మాటమ్మా?"

"కథ మధ్యలో ఆగిపోతుంది కదా. ఏమీ వినపడదు. ఇంక వెళ్ళిపోయిందేమో అనుకుంటాం. అప్పుడు 'ఇక్కడే ఉన్నాను' అంటుంది. 'ఎక్కడికీ వెళ్ళలేదు' అంటుంది. రాత్రంతా నేను మంచం మంచానికీ తిరిగి అందరికీ ఆ మాట చెప్పి ఇంటికొస్తానండీ. నాకు చెప్పేది ఆవిడొక్కతే."

అద్దాలాయనకి అప్పుడు వెలిగింది. చక్రం తిరిగినప్పుడల్లా ఆమె అనే మాట అది. ఇవాళ చక్రమే తిరగలేదు, తిరగనివ్వలేదు తను. గడియ తీయించడానికి లేదు, చీటీ తోయడానికి సందు లేదు. పెట్టె కట్టేస్తే కథే తెగిపోతుంది. నెట్ సాగాలి, కానీ ఈడుస్తూ సాగాలి.

"అందరూ ఫోన్లు తీయండి!" అన్నాడు గుసగుసగా. "కొత్త పాస్‌వర్డ్ చెప్తాను. ఎవరికిష్టమైంది వాళ్ళు చూసుకోండి. ఎంత చూస్తే అంత మంచిది!"

ఎవరూ కదల్లేదు. టైలరు అతని వీపు నిమిరాడు. "ఇలాంటప్పుడు మాకు నెట్ ఎందుకన్నయ్యా? వదిన గొంతు బాగుపడితే అదే పదివేలు."

"గొంతుకేమీ కాలేదు తమ్ముడూ!"

"మేమూ అదే కోరుకుంటున్నాం అన్నయ్యా."

"పాపం, బాగా దెబ్బతిన్నాడు," అంది టైలరు భార్య పెద్ద టీచరు చెవిలో.

అప్పుడు లేచింది అత్తగారు. "నా కూతురికి రోగమూ లేదు, రొష్టూ లేదు. పరీక్ష అంటే ఉద్యోగం పరీక్ష. ఇప్పుడు మీరంతా కలిసి ఆ నెట్‌ని పీల్చి పిప్పి చేయకపోతేనే దానికి గండం. తీయండి ఫోన్లు!"

ఇక చూడాలి. టైలరు కాలరు కుట్టే వీడియోలు నాలుగు ఒకేసారి పెట్టాడు. పెద్ద టీచరు పూలు పక్కన పడేసి చదరంగంలోకి దూకింది. అత్తగారు చెల్లెలికి వీడియో కాల్ చేసి, గదులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూపించడం మొదలుపెట్టింది. అందరూ చప్పుడు లేకుండా, చెమటోడ్చి, నెట్‌ని తోడేస్తున్నారు. అయినా తలుపు వెనక గొంతు ఆగలేదు. పెట్టె మరీ అంత మంచిచోట వేలాడుతోంది మరి. అద్దాలాయన స్టూలెక్కి దాన్ని దించి, వైరు తెగకుండా పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, పెద్ద స్టీలు డబ్బాలో పడుకోబెట్టి, ఓరగా మూత పెట్టాడు.

"...ఆ చివరి మేఘం చాలా చిన్నది. ముసలావిడ దాన్ని ఒళ్ళో పరుచుకుని..."

లోపల తెర మీద చక్రం తిరిగినట్టుంది, గొంతు ఆగింది. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు. గోడ గడియారం కొట్టుకోవడం వినిపించింది. తర్వాత తలుపు వెనకనుంచి, ఎంతో మెత్తగా, కొంచెం వణుకుతూ:

"ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు."

నర్సమ్మ తల పెద్ద టీచరు భుజం మీదికి ఒరిగింది. కథ కాస్త సాగి, మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే మాట. టైలరు మెళ్ళో టేపుతోనే గోడకి చేరగిలబడ్డాడు. ఫోన్లలో వీడియోలు వాటి పాటికవి తిరుగుతున్నాయి, చూసే కళ్ళు మూతలు పడుతున్నాయి. అత్తగారి ఫోన్లో చెల్లెలు కూడా కునుకు తీస్తోంది. గదంతా వెచ్చగా, తెల్లగా, మేఘంలో ఉన్నట్టుంది. అద్దాలాయన ఒక్కడే డబ్బా మూత పట్టుకుని, తూలుతూ నిలబడ్డాడు.

పదకొండుకి ఆమె వాడిన మొహంతో తలుపు తీసింది. "సగం దాకా ఎంత హాయిగా సాగిందోనండీ! ఆ తర్వాత మళ్ళీ అదే గోల..." అంటూ హాలంతా చూసి నోరు తెరిచింది. "వీళ్ళంతా ఇక్కడెందుకు పడుకున్నారు?"

"ష్. నువ్వే పడుకోబెట్టావు," అని అతను జరిగిందంతా చెప్పాడు.

ఆమె నిద్రపోతున్న నర్సమ్మ మొహంకేసి చూసింది. "అది వాళ్ళకోసం అన్న మాట కాదండీ," అంది. "చక్రం తిరిగితే అవతల ఎవరూ లేరేమో అని భయం. నాకు నేను చెప్పుకునేదాన్ని."

ఫోన్ మోగింది. ఆమె అతని ఫోన్ అందుకుని స్పీకరు నొక్కింది. మేనేజరు గొంతులో పండగ. మొత్తం అందరూ నిద్రపోయారట, వింటూ వింటూ తనూ కాసేపు పడుకున్నాడట. ఉద్యోగం ఖాయం. "అంతేకాదు మేడం, ఇవాళ మొదట్లో మీ నెట్ ఎంత బాగుందో చూశాం, తర్వాత పాపం బాగా ఇబ్బంది పడ్డారు. మా తరఫున మీ ఇంటికి కొత్త లైను వేయిస్తాం. మెరుపంటే మెరుపే!"

అద్దాలాయన రెండు చేతులూ గాల్లో ఊపుతూ వద్దు వద్దని సైగలు చేశాడు. ఆమె ఆనందంతో కళ్ళు మూసుకుని ఉంది. "చాలా థాంక్సండీ," అంది.

కొత్త లైను సోమవారం బిగించారు. దాన్ని దారికి తేవడానికి పక్క మేడవాళ్ళ సాయం కూడా తీసుకోవలసి వచ్చింది.