అరవై అయిదు డిగ్రీల పాతకాలం

“డెబ్బై ఒక్క డిగ్రీల కన్నా ఒక్క డిగ్రీ వాలినా ఆ సైకిలుకి ఈ సంఘంలో చోటు లేదు! ఉక్కుకి శీలం ఉంది. ఆ శీలాన్ని కాపాడటానికే మనం పుట్టాం!”

ఈ మాటలన్నది మా పెద్దవాడు. నా కొడుకే. వాడు ఎవరి శీలం కాపాడటానికి పుట్టాడో కన్నదాన్ని నాకే ఆ రోజు దాకా తెలియదు. పురిట్లో ఏడవడం ఒక్కటే చూశాను.

వాడు పాత ఉక్కు కొండసైకిళ్ల పరిరక్షణ సంఘానికి అధ్యక్షుడు. ముప్పై ఏళ్ల కిందట కొండలెక్కడానికని చేసిన సైకిళ్లను తుడుచుకుని, మురిసిపోయి, వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగే పదకొండు మంది పెద్దమనుషుల సంఘమది. వాళ్లకి ఒక హాలు, ఆ హాలుకి ఒక పెరడు, పెరట్లో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో నా కూతురి కూతురు సైకిలు ఫ్రేములు కడుతుంది. ఉక్కు గొట్టాలు కోసి, ఆకురాయితో అరగదీసి, ఇత్తడి కరిగించి అతుకుతుంది. నేను పొద్దున్నే వెళ్లి దానికి కబుర్లు చెబుతూ కూర్చుంటాను.

బళ్లో మూడో తరగతి దాటలేదు గానీ, ఈ డిగ్రీల సంగతి నాకు తెలుసు. హ్యాండిలు కింద ఒక పొట్టి గొట్టం ఉంటుంది. పాత సైకిళ్లలో అది డ్రిల్లు మాస్టారిలా నిటారుగా నిలబడుతుంది. అది డెబ్బై ఒకటి. దిగుడులో బ్రేకు నొక్కితే సైకిలు ఆగుతుంది, మనిషి ఆగడు! ఇప్పటి ఉక్కు సైకిళ్లలో అదే గొట్టం పడక్కుర్చీలో తాతయ్యలా వెనక్కి వాలుతుంది. ముందు చక్రం దూరం జరుగుతుంది, ఫ్రేము పొడుగవుతుంది, మనిషి రెండు చక్రాల మధ్య కుదురుగా ఉంటాడు. అది అరవై అయిదు. ఆ ఆరు డిగ్రీల్లోనే ఉంది ఆస్పత్రి ఖర్చంతా.

కిందటేడు సంఘం యాత్రలో మావాడు కొండ దిగుతూ హ్యాండిలు మీదుగా ఎగిరి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. వారం తిరక్కుండా కార్యదర్శిగారు అదే మలుపులో నాలుగు పళ్లు రాలగొట్టుకున్నారు. ఆయన వృత్తి పళ్ల డాక్టరు. ఊరందరికీ పళ్లు కట్టే మనిషి తన పళ్ల కోసం పక్కవీధి డాక్టరు ముందు నోరు తెరవాల్సి వచ్చింది, పాపం!

కట్టు విప్పిన మర్నాడు మావాడు షెడ్డు వెనక తలుపు తట్టాడు. సైకిలుకి దుప్పటి కప్పి తెచ్చాడు.

“ఏమే కోడలా, దీని పరువు పోకూడదు, నా ప్రాణం పోకూడదు. ఏం చేస్తావో చెయ్యి.”

“ఫ్రేమంతా కొత్తగా కట్టాలి మామయ్యా. ముందు గొట్టం కోణం...”

“ష్! ఏం మార్చావో నాకు చెప్పకు. తెలిస్తే అబద్ధమాడాల్సి వస్తుంది. ఎవరికీ చెప్పనని మాటివ్వు!”

అదీ మావాడి నిజాయితీ! అబద్ధమాడటం ఇష్టంలేక నిజం వినడం మానేశాడు.

మనవరాలు కొత్త ఫ్రేము కట్టి, పాతదాని మీది కంపెనీ బిళ్ల ఊడదీసి దీనికి తగిలించింది. ముసలితనం పుయ్యడం నా వంతు. వెనిగర్లో ఉప్పు కలిపి గుడ్డతో అద్దాలి. ఎండలో పెట్టాలి. మరిగిన టీ నీళ్లతో తుడవాలి. అక్కడక్కడ గీరాలి. నాలుగు రోజులకి ముప్పై ఏళ్లు మీదపడతాయి. ముసలితనం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ దాక్కుంటుందో నాకన్నా ఎవరికి తెలుసు?

పై వారం డాక్టరుగారు వచ్చారు. ఆయనదీ దుప్పటే, ఆయనదీ “నాకేం చెప్పకమ్మా” అనే మాటే. తరవాత రిటైరైన హెడ్మాస్టరు. ఏడాది తిరిగేసరికి పది దుప్పట్లొచ్చాయి. ప్రతివారూ తామొక్కరే పాపులమని, తక్కినవాళ్లంతా పతివ్రతలని అనుకుంటూ వెళ్లారు.

మా పిల్ల తన కోసం కూడా ఒక సైకిలు కట్టుకుంది. నీలం రంగు. వెనిగరు లేదు, దొంగ బిళ్ల లేదు. దాన్ని హాలు ముందు ఆపేసరికి, పాత సైకిళ్లు చూడటానికొచ్చిన జనమంతా దాని చుట్టూ మూగారు. మావాడికి ఒళ్లు మండింది. సాయంత్రానికి షెడ్డు తలుపు మీద కాగితం అంటించాడు: “నవీన సైకిళ్ల నిర్మాణము సంఘ ఆశయములకు విరుద్ధమైనందున, మూడు దినములలో షెడ్డును ఖాళీ చేయవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. చేతిలో ఎనిమిది ఆర్డర్లున్నాయి. గ్యాసు సిలిండర్లు, మంట అంటే ఇంకెవరూ చోటివ్వరు.

“నేను కట్టిన సైకిలెక్కే వచ్చి ఈ కాగితం అంటించి వెళ్లాడే అమ్మమ్మా!”

“మీటింగులో ఆ ముక్క చెప్పెయ్యవే!”

“మాటిచ్చానుగా.”

ఆదివారం మీటింగు. ఆ డెబ్బై ఒక్క డిగ్రీల ప్రకటన చేసింది అక్కడే. పైగా మావాడు ఒక చెక్క పలక మీద డిగ్రీలు గీయించి, ముల్లు పెట్టించి తెచ్చాడు. నీలం సైకిలుకి ఆనించాడు. అరవై అయిదు!

“చూశారా భ్రష్టత్వం!”

“మామయ్యా,” అంది మా పిల్ల, “పక్కన అసలైనది కూడా కొలిస్తేనే కదా తేడా తెలిసేది. మీదే కొలవండి.”

“దానికేం భాగ్యం!” అన్నాడు ఉత్సాహంగా. పాపం, ఏం మార్చిందో వినలేదుగా! పలక ఆనించాడు. అరవై అయిదు.

“పలక జారింది.” మళ్లీ ఆనించాడు. అరవై అయిదే.

డాక్టరుగారు కొత్త పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, “అధ్యక్షా, నాది కొలవండి” అన్నారు. కొలిచాక ఆ పళ్లు మళ్లీ కనబడలేదు. హెడ్మాస్టరుగారిది అరవై అయిదు. పదికి పదీ అరవై అయిదే! “మీరూనా?” అని నోటితో ఎవరూ అనలేదు, కళ్లతో అందరూ అన్నారు.

పదకొండోది పోస్టుమ్యానుది. సంఘం రిజిస్ట్రేషనుకి ఒక మనిషి తక్కువైతే ఆయన్ని పిలిచి చేర్చుకున్నారు. ముప్పై ఏళ్ల కిందట కొన్న సైకిలు మీదే ఇప్పటికీ కొండెక్కి ఉత్తరాలు పంచుతాడు. దానికి పలక ఆనించారు. డెబ్బై ఒకటి!

“దొరికింది!” అని అరిచారు డాక్టరుగారు. “పదింటిలో లేని వంకర దీనికే ఉంది!”

“పదిమందీ ఒకవైపుంటే అదే చరిత్ర!” అని బల్ల గుద్దారు హెడ్మాస్టరుగారు.

అక్కడికక్కడే తీర్మానం తయారైంది. “ప్రాచీన కోణము అరవై అయిదు డిగ్రీలేనని సంఘము కనుగొన్నది. నీలం సైకిలు సంప్రదాయబద్ధమైనందున షెడ్డు ఖాళీ చేయనక్కరలేదు. పోస్టుమ్యాను సైకిలు నవీన వికారము. దానిని పాత పద్ధతికి మార్పించుకొనువరకు ఆయన సభ్యత్వము నిలిపివేయడమైనది.”

“ఇదేం అన్యాయం మామయ్యా!” అంది పిల్ల.

మావాడు గభాలున నా వైపు తిరిగాడు. “అమ్మా, పెద్దదానివి. నీ కాలంలో ఈ గొట్టం ఎలా ఉండేదో నువ్వు చెప్పు.”

హాలంతా నన్నే చూసింది. కిటికీలోంచి షెడ్డు కనబడుతోంది. ఎనిమిది ఆర్డర్లు కళ్ల ముందు మెదిలాయి.

“వాలే ఉండేది నాయనా,” అన్నాను.

చప్పట్లు మోగాయి. మనవరాలు మాత్రం నా మొహం చూడలేదు.

మర్నాడు పోస్టుమ్యాను అధ్యక్షులవారి చీటీ పట్టుకుని సైకిలు నడిపించుకుంటూ షెడ్డుకి వచ్చాడు. “దీన్ని పాతది చెయ్యాలటమ్మా,” అన్నాడు.

పిల్ల ఆకురాయి కింద పెట్టేసింది. నేను లేచి ఆ సైకిలు తడిమాను. సంచి రాసుకుని రాసుకుని పెయింటు పోయి, ఉక్కు అద్దంలా మెరుస్తోంది. హ్యాండిలు పిడి మీద బొటనవేలి మేర గుంట పడింది. ఎన్ని సీసాల వెనిగరు పోస్తే వస్తుందది?

“ఎన్నాళ్లు పడుతుంది పెద్దమ్మా?”

“ఇలాంటి పాతదనం రావాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది నాయనా,” అన్నాను తల దించుకుని.

“అంతెందుకు పెద్దమ్మా! మీ షెడ్డు వెనక సందులో రోజూ ఉత్తరాలిచ్చేది నేనేగా. మిగతా పదీ నాలుగేసి రోజుల్లోనే అయిపోయాయి!”