అటక మీద ఏం పరవాలి?

కొండల్లోని నారిన్ ఊళ్లో స్కూలు బస్సు నడిపే షార్షెన్, అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న చాయ్ తాగుతూ ఆ రోజు పనంతా మనసులో అమర్చుకున్నాడు. మధ్యాహ్నానికల్లా అటక మీదున్న తాతల నాటి రంపపు పొట్టు, గడ్డి, ఎలకల గూళ్లు ఊడ్చెయ్యాలి. ఇంటి వెచ్చదనం పైకి పోకుండా చీకటి పడేలోగా కొత్తది పరిచెయ్యాలి. రాత్రికి మంచు పడుతుందని రేడియో చెప్పింది. నారిన్ చలి అంటే, పొయ్యి మీద కెటిలు ఒక పక్క మరుగుతుంటే రెండో పక్క గడ్డకట్టే రకం. నాన్న ఓరోజ్‌కి అసలే దగ్గు. అటక బోడిగా ఉండగా మంచు పడితే ఆయన తెల్లారి లేవడు.

చిక్కల్లా ఒక్కటే. ఆ కొత్తది ఏమిటో ఇంకా తేలలేదు.

"గొర్రె ఉన్ని," అన్నాడు ఓరోజ్. "ముప్పై బస్తాలు కొట్లో మూలుగుతున్నాయి. మా నాన్న ఉన్నిలో పుట్టాడు, ఉన్నిలో పోయాడు. మధ్యలో ఒక్క తుమ్ము తుమ్మలేదు."

"దానికి చిమటలు పడతాయి మామయ్యా," అంది కోడలు కెంజెకాన్. "బజార్లో రాతిదూది చుట్టలు కొనుక్కొచ్చాను, రాయి కరిగించి తీస్తారట. ఎలక పళ్లు ఊడాల్సిందే."

"రాయి కప్పుకుని పడుకునేది గోరీలోనమ్మా, ఇంట్లో కాదు!"

ఇద్దరూ ఒకేసారి షార్షెన్ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు."

రెండు చలికాలాలుగా ఇస్తున్న జవాబే ఇచ్చాడతను. "ముందు పాతది తీసేస్తా."

పాతది సగం తీశాడో లేదో చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో ఓ పక్క ఓరోజ్ కొట్లోంచి మోసుకొచ్చిన ఉన్ని బస్తాలు, ఓ పక్క దూది చుట్టలు. ముందు ఏది లోపల పెట్టినా రెండో వాళ్లకి కోపం. అందుకని షార్షెన్, పెళ్లాం కెంజెకాన్ సాయంతో ఇంట్లో మడిచి పెట్టిన గుండ్రటి కంబళి గుడారం వాకిట్లో నిలబెట్టి, రెంటినీ అందులోకి తోశాడు. ఉన్నికి కాపలా అంటూ ఓరోజ్ కూడా దూరి, బస్తాల మధ్య గురక పెట్టాడు. కెంజెకాన్ వంటింట్లో పిండి కలపడానికి పోయింది. షార్షెన్ మళ్లీ అటకెక్కాడు.

నారిన్‌లో వాకిట్లో గుడారం లేచిందంటే ఊరికే లేవదు. పెళ్లయితే ముందే పిలుపులొస్తాయి. పిలుపు లేకుండా లేచిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. ఎదురింటి బూరుల్ పిన్ని కిటికీలోంచి ఇదంతా చూసి గుండెలు బాదుకుంది. "పొద్దున్న దాకా ఖంగుఖంగున దగ్గాడే ఓరోజ్ బావ! దగ్గు ఆగిపోయింది చూడూ!" అంటూ ఫోనందుకుంది.

అరగంటలో, ఓరోజ్ అన్న కొడుకు ఎసెన్‌బాయ్ నలభై మందిని వెంటేసుకుని, చావు భోజనానికి ఒక గొర్రెను లాక్కుంటూ వచ్చాడు. ఆచారం ప్రకారం గేటు దగ్గరే నడుం వంచి, "అయ్యో నా బాబాయీ!" అని ఏడుస్తూ గుడారం మీదికి పరుగెత్తాడు. వెనకాల నలభై గొంతులు.

అటక మీంచి షార్షెన్ తొంగిచూశాడు. నాన్న ఆ గుడారంలోనే ఉన్నాడు! తడి బస్తాలు మోశాడు! నిచ్చెన నాలుగేసి మెట్లు దూకుతూ దిగొచ్చాడు కానీ, తెర ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. చావింట కొడుకు కర్ర ఆనుకుని నిలబడాల్సిన చోట, గుడారం బయట, చేతిలోని చీపురు మీద ఆనుకుని భోరుమన్నాడు. ఎవరికైనా కాస్త అనుమానం మిగిలుంటే అదీ తీరిపోయింది.

పిండి చేతులతో వచ్చిన కెంజెకాన్ మొగుణ్ణి చూసి గడప దగ్గర కూలబడింది. "మామయ్యా! మీ మాట కాదన్న ఈ నోరు పడిపోనూ! మీ ఉన్నే పరుస్తాను, ఒక్క పోగు మిగల్చను!"

"కోడలి మాట జవదాటాడా మా బాబాయి?" అని ఎసెన్‌బాయ్ అందుకున్నాడు. "ఏనాడన్నా పంతం పట్టాడా?"

"లేదు! లేదు!" అన్నారు నలభై మంది. ఏడుపులో కూడా షార్షెన్‌కి కొంచెం ఆశ్చర్యమేసింది.

ఆ గోలకి ఓరోజ్ లేచి, తల నుంచి కాళ్ల దాకా ఉన్ని పోగులతో బయటికొచ్చాడు. ఇంతమంది ఏడుస్తుంటే నిటారుగా నిలబడటం మర్యాద కాదని తనూ నడుం వంచి ఏడుపందుకున్నాడు. "ఎవర్రా పోయింది?"

"ఓరోజ్ బాబాయి," అన్నాడు ఎసెన్‌బాయ్ కళ్లు తెరవకుండా.

"అయ్యయ్యో! బంగారంలాంటి మనిషి!" అని ఇంకాస్త ఏడ్చి, టక్కున ఆగాడు ముసలాయన. "ఏ ఓరోజ్?"

షార్షెన్ తండ్రిని వాటేసుకున్నాడు. "వదల్రా, ఇప్పుడు నిజంగానే పోయేట్టున్నాను!" అన్నాడు ఓరోజ్. బూరుల్ పిన్ని గొర్రె వెనకాల దాక్కుంది.

మంచు రాలడం మొదలైంది. ఎసెన్‌బాయ్ సిగ్గుపడుతూ బోడి అటకకేసీ గుడారంలోని బస్తాలకేసీ చూశాడు. "ఇంతమందిమి వచ్చి ఊరికే పోవడం బాగోదు. ఏం పరవాలో చెప్పండి, గంటలో పరిచేస్తాం."

ఓరోజ్ జనాన్ని ఒకసారి చూశాడు. తను పంతం పట్టడని నలభై మంది సాక్ష్యం చెప్పాక చేసేదేముంది? "కోడలి మాటే. రాతిదూది."

"వీల్లేదు మామయ్యా. అందరి ముందూ మాటిచ్చాను. ఉన్నే!"

"నేను పంతాలు పట్టే మనిషిని కాదమ్మా! దూదే పరవాలి!"

"మీ మాట కాదంటే నా నోరు పడిపోతుంది! ఉన్నే!"

మళ్లీ ఇద్దరూ షార్షెన్ వైపు తిరిగారు. అతని కనురెప్పల మీద మంచు పేరుకుంటోంది. పైన అటక బోడిగా ఉంది. పక్కన నాన్న దగ్గుతున్నాడు.

"రెండూ!" అని అరిచాడతను. "కింద ఉన్ని, పైన దూది! ఇంకొక్క మాటన్నారంటే ఈసారి పోయేది నేను!"

చీకటి పడేలోగా అటక నిండిపోయింది. తెచ్చిన గొర్రె కూరైంది. ఆ చలికాలం బయట పిట్టలు గడ్డకట్టి రాలుతుంటే ఆ ఇంట్లో బనీన్లతో తిరిగారు. ఓరోజ్ దగ్గు ఎటు పోయిందో తెలీదు.

జనవరిలో ఒక పొద్దున్న ఆయన చాయ్ ఊదుకుంటూ, "దూది కింద, ఉన్ని పైన పరిస్తే ఇంకా బాగుండేదేమో," అన్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నా మామయ్యా," అంది కోడలు.

షార్షెన్ లేచి వెళ్లి, అటక నిచ్చెన నరికి పొయ్యిలో పెట్టాడు.