హనుమమ్మ మడిలో దారం దొంగ

“ఈ భూప్రపంచంలో మూడు కండ్లున్నోళ్ళు ఇద్దరే బావా! ఒకరు గుట్ట మీది నరసింహస్వామి. రెండోవాడు నీ ముంగటనే నిలబడ్డడు!”

ఇలా ప్రకటించి అమరేందర్ జేబులోంచి తన మూడో కన్ను బయటికి తీశాడు. అది వాళ్ళ తాత పంచాంగం చూసుకున్న భూతద్దం.

గడ్డి చుట్టే మిషను కింద వెల్లకిలా పడుకుని, మోచేతుల దాకా గ్రీజు పూసుకున్న భిక్షం తల బయటపెట్టాడు.

“మూడు కండ్లున్నయి గదా, జర పెద్ద పానా యాడున్నదో సూడు.”

అమరేందర్ కాలు కదపకుండా మడి నలుమూలలా అద్దంలో చూసి, పానాను ఎవరో అపహరించారని తేల్చాడు. పానా అతని చెప్పు కిందే ఉంది.

స్వయానా బామ్మర్ది అయిపోయాడు గానీ, లేకపోతే ఆ పానాకు ఆ పూట ఇంకో పని పడేది. అమరేందర్‌కు కట్టంగూర్‌లో చికెన్ దుకాణం ఉంది. శనివారం అక్కడ కోడి జోలికి ఎవరూ పోరు గనక, ఆ రోజు అతను నేరస్థుల జోలికి పోతాడు. పోయిన వేసవిలో ఎవరిదో పుంజు పోతే కనిపెట్టింది కూడా తనే. కాకపోతే కోసి అమ్మేశాక, ఈకల్ని బట్టి గుర్తుపట్టాడు. ఇవాళ పొద్దున్నే భిక్షం భార్య రమ ఫోన్ చేసి మరీ చెప్పింది: “మా తమ్ముడు నీకు సాయం జెయ్యనీకె వస్తుండు. వాని మనసు కష్టపెట్టకు.” ఇక నోరెత్తడానికి లేదు.

అసలే భిక్షానికి సొంత మిషనుతో ఇదే మొదటి రోజు. ఇన్నేళ్ళూ పోచయ్య దగ్గర జీతానికుండి, గడ్డిని నలుపలకల కట్టలుగా కట్టే మిషను నడిపాడు. అది నడుస్తూనే కడుతుంది, కడుతూనే పడేస్తుంది. ఈమధ్యే ధైర్యం చేసి, నారాయణపేట దిక్కు ఒక ముసలాయన దగ్గర ఈ పాతకాలపు మిషను కొనుక్కున్నాడు. ఇది గడ్డిని కడుపులోకి లాక్కుని గుండ్రంగా చుడుతుంది. చుట్ట నిండితే గంట కొడుతుంది. అమ్మేటప్పుడు ముసలాయన చెప్పనే చెప్పాడు: “గంట కొట్టినంక తొందరపెట్టకు బిడ్డా. దాని పని దాన్ని చేసుకోనియ్యి.”

“నాకు తెల్వదా తాతా! ఎన్నేండ్ల సంది నడుపుతున్న!” అని భిక్షం దర్జాగా తోలుకొచ్చాడు.

మొదటి కిరాయి ఈ హనుమమ్మ మడి. గ్రీజు పని ముగించి, మిషనును ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి వరస మీద తోలాడు. గంట మోగింది. భిక్షం టక్కున వెనక తలుపెత్తాడు. గడ్డి చుట్ట ఒంటి మీద నూలుపోగు లేకుండా బయటికొచ్చి, తలుపు దాటగానే విప్పుకుని మళ్ళీ మడిలో పరుచుకుంది. రెండోదీ అంతే. మూడోది తలుపులోనే ప్రాణం వదిలింది.

“ఓ భిక్షమూ, గిదేందిరా? గుండ్రంగ తిప్పి మళ్ళ ఆడనే పోస్తున్నవు!” గట్టు మీది నుంచి హనుమమ్మ నెత్తి కొట్టుకుంది. “అటు జూడు, మొగులెట్ల పట్టిందో! గిది తడిస్తే మురిగిపోతది. మళ్ళ వరి కోసేదాక నా బర్రెలేం తినాలె? నిన్ను తినాల్నా?”

దక్షిణాన మబ్బు నిజంగానే నల్లబడుతోంది. హనుమమ్మ పక్కనే తువ్వాల భుజానేసుకుని, చేతిసంచి పట్టుకుని పోచయ్య నిలబడ్డాడు. అతని మిషను వేరే ఊళ్ళో ఉంది, ఎల్లుండి దాకా రాదు. మనిషి మాత్రం తీరిగ్గా చూడ్డానికొచ్చాడు.

“మొగోడు మిషన్ గొన్నడంటే ఏమో అనుకున్న,” అన్నాడు పోచయ్య, జేబులో చెయ్యి పెట్టి. “రారా భిక్షం, మళ్ళ నా మిషనే నడుపుదువు. ఇంకో తాళంచెవి నా జేబులనే ఉన్నది.”

భిక్షానికి ఆ మాట కన్నా హనుమమ్మ చూపే ఎక్కువ తగిలింది. నన్ను నమ్మి పిలిచింది ముసల్ది, నట్టేట ముంచేస్తున్నాను గదా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఎవరూ కదలకండి!” అమరేందర్ గర్జించాడు. నేరం కనపడితే చాలు, అతని భాష పుస్తకాల్లోకి మారిపోతుంది. “ఇది ప్రమాదం కాదు. ఇది హత్య! చుట్టకు కట్టాల్సిన దారాన్ని ఎవడో దొంగిలించాడు!”

జేబులోంచి ముగ్గుపిండి పొట్లం తీసి, విప్పుకున్న గడ్డి చుట్టూ తెల్లటి గీత గీశాడు.

“గడ్డికి ముగ్గేస్తవేందిరా? బతుకమ్మ ఆడాల్నా?” అంది హనుమమ్మ.

“శవం పడిన తీరు గుర్తుపెట్టుకోవాలి అవ్వా!”

“గడ్డి సచ్చేదేంది! మొన్న కోసిన్నాడే సచ్చింది.”

అమరేందర్ వినిపించుకోలేదు. మిషను పక్కనున్న దారం పెట్టె తెరిచాడు. సుతిలి ఉండ నిక్షేపంలా ఉంది.

“దారం ఈడనే ఉన్నది గదరా, దొంగెవడు?” అన్నాడు భిక్షం.

“అదే వాడి తెలివి! దొంగిలించాడు, మళ్ళీ తెచ్చి పెట్టాడు! బావా, మనం తలపడుతున్నది మామూలు బుర్రతో కాదు.” గిరుక్కున తిరిగి పోచయ్య చేతిసంచి పట్టుకున్నాడు. “ఈ సంచికి చెవులు దేనితో కుట్టారు? సుతిలితో! ఇప్పుడేమంటారు?”

“ఊళ్ళె ఎవని సంచికైనా గదే ఉంటది. ఇడువు, అండ్ల పాలున్నయి!”

అమరేందర్ ఆధారాన్ని వాసన చూడబోయి, పాలు మీద ఒలకబోసుకున్నాడు. పోచయ్య తిట్లు అందుకున్నాడు. అంతలో చల్లగాలి తోలి, ఎక్కడో ఉరిమింది.

“మీ కాల్మొక్త, జర ఆగుండ్రి!” భిక్షం ట్రాక్టరెక్కాడు. “ఇంకొక్క సుట్ట జూస్త. గిది గూడ గట్లనే వస్తే అవ్వ కాళ్ళ మీద పడి ఎల్లిపోత.”

మిషను కదిలింది. భిక్షం చుట్టూ చూశాడు. బామ్మర్ది ఎక్కడా లేడు. పాల చొక్కా కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయుంటాడు, పీడ విరగడైందనుకున్నాడు.

పీడ పోలేదు. గంట కొట్టగానే దొంగ రాక తప్పదని అమరేందర్ లెక్క వేశాడు. వాణ్ణి రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలంటే పొంచి ఉండాలి. పొంచి ఉండడానికి అతనికి మడిలో కనపడిన చాటు, వరసగా పడున్న గడ్డి. అందులో దూరి, పైన గడ్డి కప్పుకుని, ఊపిరి బిగబట్టాడు. రహస్యం గనక ఎవరికీ చెప్పలేదు. మిషను వస్తున్నది ఆ వరస మీదే.

గంట మోగింది. భిక్షం చెయ్యి తలుపు లివర్ మీదికి పోయింది. అప్పుడే, ముందు చక్రానికి నాలుగడుగుల్లో, గడ్డిలోంచి రెండు రబ్బరు చెప్పులు కనిపించాయి. చెప్పుల్లో కాళ్ళు కూడా ఉన్నాయి.

“ఓర్నీ!”

లివర్ వదిలేసి బ్రేకు తొక్కాడు. ట్రాక్టరును న్యూట్రల్‌లో పడేసి కిందికి దూకాడు. వెనక మిషను తిరుగుతూనే ఉంది. ఆ రెండు కాళ్ళూ పట్టుకుని బామ్మర్దిని బయటికి ఈడ్చాడు.

“సచ్చిపోతుంటివి గదరా! ఇంకింత అయితే గా సుట్టల నిన్ను సుట్టి పెడుతుంటి! మీ అక్కకు నేనేం మొఖం జూపెట్టాలె?” భిక్షం అతని రెక్కలు రెండూ పట్టుకుని కుదిపాడు. కోపమో ఏడుపో తనకే తెలియలేదు.

“న్యాయం కోసం ప్రాణాలైనా...”

“న్యాయం లేదు, నీ తలకాయ లేదు! పెండ్లిల నా సెప్పులు దాచిపెట్టి, యాడ వెట్టినవో మర్సిపోయినోనివి! ఉత్తకాళ్ళతోని ఊరేగితి! నువ్వు డిటెక్టివ్వా?”

“గది పాత కేసు బావా! ఇంక దర్యాప్తుల ఉన్నది!” భయంతో అమరేందర్ భాష ఇంటి భాషలోకి దిగిపోయింది.

“కొట్లాట బంద్ జెయ్యుండ్రి!” హనుమమ్మ గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది. “అటు జూడుండ్రి! దారం! దారం తిరుగుతాంది!”

ఇద్దరూ తిరిగి చూశారు. పెట్టెలోంచి సుతిలి సరసరా మిషను కడుపులోకి పోతోంది. లోపల చుట్ట తిరుగుతూ, ఆ కొస నుంచి ఈ కొస దాకా తనకు తానే కట్టుకుంటోంది. కాసేపటికి దారం కోసే కత్తి ‘కటక్’మంది. భిక్షం భయం భయంగా తలుపెత్తాడు. గడ్డి చుట్ట దర్జాగా దొర్లి, ముగ్గు గీత దాటి, చెక్కుచెదరకుండా ఆగింది.

హనుమమ్మ దాన్ని కాలితో తన్ని చూసి నవ్వింది. పోచయ్య చేయి జేబులోని తాళంచెవిని వదిలేసింది.

“చూశారా! నన్ను చూసి దొంగ వణికి...” అమరేందర్ మొదలుపెట్టాడు.

“నువ్వు నోర్ముయ్యి!” హనుమమ్మ కసిరింది. “భిక్షమూ, మళ్ళ గంట కొట్టంగనే గిట్లనే దిగు. గిట్లనే తిట్టు. ఒక్క మాట గూడ తక్వ గావద్దు. వానొస్తాంది!”

దేనివల్ల కట్టిందో తెలియనప్పుడు దేన్నీ మార్చే ధైర్యం ఎవరికుంటుంది? గంట మోగినప్పుడల్లా భిక్షం దిగాడు, తిట్టాడు. అమరేందర్ చేతులు కట్టుకుని తిట్లు పడ్డాడు. చుట్ట తర్వాత చుట్ట కట్టుకుని దొర్లింది. మూడో చుట్టకే భిక్షానికి ముసలాయన మాట తలకెక్కింది. గంట కొట్టాక ఆగి, దారం చుట్టుకోనిస్తే చాలు. తిట్టాల్సిన పనే లేదు. అయినా చివరి చుట్ట దాకా తిట్టాడు. పెళ్ళైన నాటి నుంచి దాచుకున్నవన్నీ ఉన్నాయి, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

పోచయ్య కూడా ఆగలేక తువ్వాల నడుముకు బిగించి చుట్టలు దొర్లించాడు. ఆఖరిది కొట్టంలోకి చేరిందో లేదో, వాన ధనధనా దంచింది. అందరూ చూరు కింద చేరారు. హనుమమ్మ ఒక చుట్టలోంచి పిడికెడు పొడిగడ్డి లాగి బర్రెలకు వేసి, వాటి వీపులు నిమిరి, భిక్షం చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది.

“నా బర్రెలను బతికిచ్చినవు బిడ్డా. వచ్చే పంటకు గూడ నువ్వే రావాలె.”

“మరి నేను అవ్వా?” అన్నాడు అమరేందర్.

“నువ్వు లేకుంటె మిషనెట్ల కడతది? నువ్వు గూడ రా.”

పోచయ్య నడుముకు బిగించిన తువ్వాల విప్పి తల తుడుచుకున్నాడు. “గుండ్రంగ కట్టుడే మంచిగుంది రా భిక్షం. నేను గూడ గిసొంటిది తీస్కుంట. కని ఒక్కటే ఫికరు, నాకు బామ్మర్దులు లేరాయె. గంట కొడితె ఎవన్ని తిట్టాలె?”

భిక్షం నవ్వాపుకుని, బామ్మర్ది భుజం మీద చెయ్యేశాడు.

“గీన్ని కిరాయికి తీస్కపో మామా. ఒక్క శనివారమే ఖాళీ ఉంటడు.”